పలక మీద మర్యాదలు

మార్కాపురం బస్టాండు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన మొహం చూశాను. గిద్దలూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో టిఫిను డబ్బా, చంకలో పిల్లల పరీక్ష పేపర్ల కట్ట. 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు. ఆయన ఫొటో ఒక మూలన తమలపాకంత ఉంది. దాని కింద మా వీధివాళ్ళవి ఇరవై దాకా ఫొటోలు, ఒక్కొక్కటీ విస్తరాకంత. అందులో ఇద్దరు నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఒకాయన సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

బతికి ఉంటే ఈ ఫ్లెక్సీని ఆయనే దింపించేవాడు. "పోయినోడు యాడున్నాడో ఎతుక్కోవాల్సి వస్తాంది. ఏడ్చేవాళ్ళకు ఇన్ని ఫొటోలేంది రా?" అని ఆ స్తంభం కిందే పంచాయితీ పెట్టేవాడు. ఆ మాట నాకు ఆయన గొంతులోనే వినిపించింది. నవ్వు వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా ఆ మనిషితో నాకు మాటల్లేవు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటాడని, బజారంతా చుట్టి వెనక సందులోంచి మా ఇంటికి పోయేవాణ్ణి.

ఆయన పేరు చెప్పను. చెబితే మా వీధిలో సగం మంది నా మీదికి వస్తారు. అంత మర్యాదస్తుణ్ణి పట్టుకుని ఏం మాటలు అవి అంటారు. మర్యాదస్తుడే, నేనెక్కడ కాదన్నాను? నాకు ఆయన మీద కోపం కూడా అందుకే.

ఆయన మాకు చుట్టం కాదు. మా అమ్మ 'అన్నా' అని పిలిచేది కాబట్టి నాకు మామ. ఒక పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేశాడు. మా నాయన అదే ఫ్యాక్టరీలో పలకలకు చెక్క ఫ్రేములు బిగించేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని, ఎదురింటి గోడను చూస్తూ గంటలు గడిపేవారు. మా నాయన మాట్లాడడు. ఆయన ఆపడు. ఆ స్నేహం అట్లా కుదిరింది.

మా వీధికి ఫోనులో గ్రూపు పెట్టింది ఆయనే. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో అందరికీ తెలియడం కోసం పెట్టాడు. నెల తిరిగేసరికి అందులో నీళ్ళ సంగతి తప్ప అన్నీ వచ్చి చేరాయి. తెల్లారితే పూలగుత్తుల శుభోదయాలు, ఉల్లిపాయతో షుగరు తగ్గించే చిట్కాలు, ఎవరింట్లోనో పాప పుట్టినరోజు ఫొటోలు నలభై, ఇది పదకొండు మందికి పంపకపోతే అరిష్టమన్న బెదిరింపులు. ట్యాంకరు వచ్చిన కబురు ఆ పూల కింద ఎక్కడో పడి ఉండేది. ఒకరోజు సగం వీధికి నీళ్ళు దొరకలేదు. ఆ సాయంత్రం ఆయన గ్రూపులో ఒక పలక ఫొటో పెట్టాడు.

నిజం పలకే. చెక్క ఫ్రేము, నల్లటి రాయి, బలపంతో గుండ్రటి అక్షరాలు. "తెల్లారిందని సూర్యుడు చెప్తాడు. మనం నీళ్ళ సంగతి చెప్పుకుందాం."

టైపు చేయడం రాక కాదు. చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రాసింది పైకి చదువుకుంటూ చేసేవాడు. కానీ తప్పు దిద్దవలసి వచ్చినప్పుడు మాత్రం పలకే. "బటన్లు నొక్కితే అందరి రాతా ఒకటే మాదిరి ఉంటది అల్లుడా. చేత్తో రాస్తే రాసినోడు ఆ మాటకు జవాబుదారీ," అనేవాడు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న పలకలు ఒక గోనెసంచిలో ఆయన మంచం కింద ఉండేవి. వీధిలో ఎవరైనా హద్దు దాటితే ఒక పలక బయటికి వచ్చేది.

ఇనప సామాన్ల దుకాణం ఆయన ఒకడు ఉండేవాడు. గ్రూపులో ఆడవాళ్ళ నంబర్లు పట్టుకుని ఒక్కొక్కరికీ విడిగా 'హాయ్' అని పంపేవాడు. బదులు రాకపోతే 'తిన్నారా?' అని. అదీ కాకపోతే 'చూసి కూడా జవాబియ్యలేదు, కోపమా?' అని. ఒక టీచరమ్మ మామతో చెప్పుకుని బాధపడింది. మరుసటి పొద్దున పలక వచ్చింది. "తిన్నారా అని అడగాలనిపిస్తే ముందు ఇంట్లో ఆమెను అడగండి. వండింది ఆమే." పేరు రాయలేదు. రాయనక్కర లేకపోయింది. ఆ దుకాణం ఆయన మూడు రోజులు షట్టరు సగమే ఎత్తి బేరం చేశాడు.

ఇంకొకసారి వీధి చివర ముసలామె పోయిందని ఎవరో గ్రూపులో పెడితే, మా పక్కింటి టైలరు దానికి బొటనవేలి బొమ్మ పెట్టాడు. చూశానని చెప్పడానికే, పాపం. మామ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, టైలరు మిషను ముందుకు పోయి, కుడిచేతి బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. టైలరు ముందు నవ్వాడు. తరువాత భయపడ్డాడు.

"ఏంది మామా?"

"మీ అమ్మ పోయిన రోజు నేనొచ్చి నీ ముందర ఇట్ల నిలబడింటే ఏం చేసేవాడివి?"

టైలరు మిషను మీంచి లేచి రెండు చేతులూ జోడించేదాకా ఆ వేలు దిగలేదు. ఆ రోజు నుంచి మా వీధిలో చావు కబురుకు ఎవరూ బొటనవేలు పెట్టలేదు. పక్క వార్డులో ఇప్పటికీ పెడతారు.

ఫోను చేయబోయే ముందు 'మాట్లాడొచ్చా?' అని మెసేజి పెట్టేవాడు. నేను ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నా అంతే. "బస్సులో ఉంటావో, బడిలో ఉంటావో, ఇంట్లో మీ ఆవిడతో మాట పట్టింపులో ఉంటావో నాకేం తెలుసు? ఫోను కూడా గడపే అల్లుడా. తట్టకుండా లోపలికి రాకూడదు," అనేవాడు. చెప్పకుండా వీడియో కాల్ చేసేవాళ్ళంటే ఆయనకు మహా చిరాకు. లుంగీలో ఉన్న మనిషిని ఊరందరికీ చూపించే హక్కు ఎవడిచ్చాడని గొడవ. ఒకరిని అడగకుండా గ్రూపులో చేర్చడం, వందమంది పేర్లు ట్యాగు చేసి ఒక ఫొటో పెట్టడం, పది నిమిషాల సొద వాయిస్ మెసేజిగా పంపడం, వీటన్నిటికీ ఆయన దగ్గర తలా ఒక పలక ఉంది.

ఆయన్ను నేను ప్రేమించింది మాత్రం ఒక మేకల ఆమె వల్ల. హనుమంతునిపాడు వైపు పెళ్ళికి పోయి వస్తూ, దారిలో రోడ్డు పక్కన మేకలు తోలుకుపోతున్న ముసలామెను ఆయన ఫొటో తీశాడు. మంచి ఫొటో. ఎండ వెనక నుంచి పడి మేకల చెవులు ఎర్రగా మెరుస్తున్నాయి. గ్రూపులో పెట్టు మామా అన్నాను. పెట్టలేదు. రెండు రోజుల తరువాత నా బండి మీద నన్నే వెంటబెట్టుకుని ఆమెను వెతుక్కుంటూ మళ్ళీ అంత దూరం పోయాడు. చెట్టు కింద దొరికింది. ఫోను చూపించి, "ఇది నలుగురికీ చూపించొచ్చా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "నన్ను చూపిస్తే చూపియ్యి నాయనా. మేకల్ని వద్దు. దిష్టి తగుల్తది," అంది.

మామ అక్కడే, ఆమె కళ్ళ ముందే ఆ ఫొటో తీసేశాడు. పోయిందో లేదో చూసుకోమని ఫోను ఆమె చేతికే ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద ఒక్క మాట అన్నాడు. "అడిగినాక వద్దంటే ఊరుకోవాల. లేకుంటే అడిగిందంతా నాటకమే." ఆ రోజు నేను ఆయన్ను మా బడిలో ఎవరికీ ఇవ్వనంత గౌరవంతో వాళ్ళ ఇంటి దగ్గర దింపాను.

ఆయనకు చావు కబుర్లు మోసిన చరిత్ర కూడా ఉంది. ఫోన్లు లేని రోజుల్లో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు ఏమన్నా అయితే వెలిగండ్ల దాకా, ఇంకా లోపలి పల్లెల దాకా మోపెడ్ మీద పోయి చెప్పి వచ్చింది ఆయనే. దానికి ఒక పద్ధతి ఉందని చెప్పేవాడు. పోయిన వెంటనే చెప్పకూడదు. ఒంట్లో బాగలేదు, ఒకసారి వచ్చి పొమ్మన్నారు అనాలి. ఆ మనిషి ముఖం కడుక్కుని, తలుపు గొళ్ళెం వేసి, మోపెడ్ ఎక్కాలి. ఊరు దగ్గర పడ్డాక, వెనక కూర్చున్న మనిషి చేయి తన భుజం మీద వేయించుకుని అప్పుడు చెప్పాలి. "పట్టుకోనికె ఏదో ఒకటి ఉండాల కదా," అనేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని నేను ఎవరి చేతిలో పెట్టానో తెలియాలి.

మా నాయనకు పలకల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. చివరి ఏడాది అరుగు మీద నుంచి ఇంట్లోకి రావడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ఆయాసం మరీ ఎక్కువైతే ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయాను. బయలుదేరే ముందు మా అమ్మ కారు కిటికీ పట్టుకుని ఒక మాట తీసుకుంది. "ఏం జరిగినా నువ్వే వచ్చి చెప్పాల. ఇంకొకరి నోట్లోంచి నాకు ఇనిపియ్యొద్దు."

ఆ మాటకు కారణం ఉంది. మా అమ్మకు వాళ్ళ నాయన పోయిన సంగతి బస్సులో తెలిసింది. సంతకు పోతుంటే, ఎదురుగా ఆగిన బస్సులోంచి పుట్టింటి ఊరివాడు ఎవడో, "ఏమ్మా, మీ నాయనను ఎత్తేస్తన్నారు, నువ్వింకా ఈడనే ఉండావే?" అని కేకేశాడు. బస్సు నిండా జనం. ఎక్కడ ఏడవాలో తెలియలేదని మా అమ్మ చెప్పేది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ కేకను అదే గొంతుతో చెప్పేది.

నాలుగో రోజు పొద్దున మా నాయన పోయాడు. కాగితాల పని అయ్యి అంబులెన్సు దొరికేసరికి మధ్యాహ్నమవుతుందన్నారు. ఇంటి ముందు షామియానా వేయించాలి, ముందు గదిలో మంచాలు తీయించాలి, అదీ నేను ఊళ్ళోకి వచ్చాకే. ఎవరికో ఒకరికి చెప్పి ఉంచక తప్పదు. నేను ఒక్కరికే చెప్పాను. 'మాట్లాడొచ్చా?' అని ముందు మెసేజి కూడా పెట్టాను. ఆయన నేర్పిన అలవాటే.

"మామా, నాయన పోయినాడు."

అటు వైపు నుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"అమ్మకు తెలీదు మామా. నేనే వచ్చి చెప్తా. మన ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. నేను మార్కాపురం చేరినాక ఫోన్ చేస్తా, అప్పుడు షామియానా వేయించు."

"నాకు చెప్పాల్నా అల్లుడా? నువ్వు మీ నాయనను జాగ్రత్తగా తీసకరా. ఈడ నేనుండా," అన్నాడు.

ఆ మాటకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడే వచ్చింది.

పొదిలి దాటుతుండగా జేబులో ఫోను అదే పనిగా వణకడం మొదలైంది. అంబులెన్సులో నాయన పక్కన కూర్చుని తీసి చూశాను. మా వీధి గ్రూపు. అన్నీ చేతులు జోడించిన బొమ్మలు, వరసగా, కింద నుంచి పై దాకా. ఒక్క బొటనవేలు లేదు. పైకి జరుపుకుంటూ పోయాను. అన్నిటికీ పైన ఆయన పెట్టిన ఫొటో ఉంది.

ఒక పలక. బలపంతో గుండ్రటి అక్షరాలు. 'కీర్తిశేషులు' అని రాసి మా నాయన పేరు ఇంటిపేరుతో సహా రాసి, చివర 'గారు' చేర్చాడు. ఒంగోలు నుంచి భౌతికకాయం సాయంత్రానికి ఇంటికి చేరుతుందని రాశాడు. "దయచేసి ఏడుపు బొమ్మలు పెట్టవద్దు. నమస్కారం చాలు" అని కింద గీత గీసి మరీ రాశాడు. తప్పు లేదు, కొట్టివేత లేదు. పలక పక్కనే మా నాయన ఫొటో ఆనించి ఉంది, చెక్క ఫ్రేముతో.

ఆ ఫొటో లోకంలో ఒక్కటే ఉంది. అది మా ఇంట్లో గోడకు ఉంటుంది.

అప్పుడు ఆ రెండింటి వెనక ఉన్నది చూశాను. మా అరుగు. మా గోడ మీది నీలం సున్నం. ఒక పక్కన మా అమ్మ చింతపండు ఆరబోసిన చాట సగం కనిపిస్తోంది. ఆ మనిషి మా అమ్మకు పది అడుగుల దూరంలో కూర్చుని ఇది రాశాడు. అంబులెన్సును ఇంకాస్త వేగంగా పోనివ్వమని డ్రైవరును అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. అప్పటికే అయిపోయింది.

తరువాతి సంగతి మా అమ్మ చెబితే తెలిసింది, అదీ చాలా రోజులకు. మధ్యాహ్నం పూట వచ్చాడట. "ఫ్యాక్టరీ పాతోళ్ళందరి ఫొటోలూ ఒకచోట చేరుస్తన్నా చెల్లెమ్మా. బావది మంచిదుంటే ఇస్తావా?" అని అడిగాడట. మా అమ్మ స్టూలు వేసుకుని ఎక్కి, గోడకున్న ఫ్రేము దింపి, బూజు దులిపి, కొంగుతో అద్దం తుడిచి ఇచ్చింది. మజ్జిగ కూడా ఇచ్చింది. "ఆయన ఒంగోలు నుంచి వచ్చినాక చూపియ్యన్నా, సంతోషపడతాడు" అని చెప్పింది.

ఆయన మజ్జిగ తాగాడు. అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి పక్కింటి టైలరు భార్య ఫోను చేతిలో పట్టుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఎంత పని జరిగిపాయె అక్కా!" అని అమ్మను కావలించుకుంది. మా అమ్మ ఆమె భుజం మీదుగా అరుగు వైపు చూసి, "అన్నా, ఏందన్నా ఇది?" అని అడిగింది.

ఆయన ఏమన్నాడో చెబుతాను. "అబ్బాయి వచ్చి చెప్తాడమ్మా. నన్ను చెప్పొద్దన్నాడు."

నేను అంబులెన్సు దిగేసరికి షామియానా వేసి ఉంది. కుర్చీలు వరసగా ఉన్నాయి. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తున్నారు. మా అమ్మ ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దారి పొడుగునా ఆమెకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవి నా దగ్గరే ఉండిపోయాయి. ఆమె నన్ను చూసి ఏడవలేదు. "మాటిచ్చినావు గదా నాయనా," అంది. అంతే అంది.

మామను నేను కర్మ అయ్యేదాకా ఏమీ అడగలేదు. అడిగితే చేయి చేసుకుంటానని భయం. పదకొండో రోజు భోజనాలు అయ్యాక, చేతులు కడుక్కుంటున్న మనిషిని కొళాయి దగ్గర పట్టుకున్నాను.

"ఎందుకు చేసినావు మామా?"

ఆయన ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, అదే నన్ను ఇప్పటికీ కాల్చేది.

"ఏం చేసినా? పక్క వార్డు గ్రూపోడికి ఒంగోలు నుంచి ఎవరో చెప్పేసినారంట. వాడు పెడతా ఉండాడని తెలిసింది. వాడెట్ల పెడతాడో నీకు తెలీదా? ఇంటిపేరు తప్పు, ఏడుపు బొమ్మలు, దాని కింద కోళ్ళఫారం యాడ్. మీ నాయనకు అట్లాటి గతి పడితే నేను చూస్తా ఊరుకోవాల్నా? ముందర మనం పద్ధతిగా పెట్టినాము."

"అమ్మకు నేను చెప్పాలన్నాను."

"నేను మీ అమ్మతో ఒక్క మాట చెప్పింటే నా నాలుక తెగిపోవాల. అడుగు పోయి. ఆమె గ్రూపులోనే లేదు గదా!"

"ఫొటో ఎట్ల తీసుకున్నావు మామా, ఆమె చేతుల మీదుగా?"

తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "ఫొటో లేకుండా పెడితే ఏం బాగుంటది అల్లుడా?" అన్నాడు.

మేకల ఆమెను అడగడానికి అంత దూరం పోయిన మనిషి. ఇంట్లోకి వచ్చి, ఫోను తీసి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. పది నిమిషాల్లో 'మాట్లాడొచ్చా?' అని మెసేజి వచ్చింది. నేను బదులివ్వకపోతే ఫోనే చేశాడు. తలుపు తీయకముందే లోపలికి రావడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

"గ్రూపులోంచి ఎవరికీ చెప్పకుండా పోవడం మర్యాద కాదు అల్లుడా. అందరూ ఏమనుకుంటారు? రెండు మాటలు రాసి పోవాల," అన్నాడు.

నేను ఫోను పెట్టేశాను. ఆయన నన్ను మళ్ళీ చేర్చాడు. బయటికి వచ్చాను. మళ్ళీ చేర్చాడు, నన్ను అడగకుండా. మూడోసారి బయటికి వచ్చి ఆయన నంబరునే బ్లాక్ చేశాను. ఆ రోజు తరువాత ఆయన నాకు పంపింది ఏదీ నా ఫోనుకు చేరలేదు. వాళ్ళ అరుగు మీద కనిపిస్తే తల తిప్పుకున్నాను. తరువాత ఆ దారే మానుకున్నాను.

కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రెండేళ్ళూ మనసులో ఆయనకు ఒక సందు వదిలిపెట్టాను. తెలియక చేశాడు. గ్రూపుకు మర్యాద చేయడంలో పడి మనిషిని మరిచిపోయాడు. అర్థమయ్యి ఉంటే చేసేవాడు కాదు. రాత్రి అన్నం తింటూ ఎప్పుడైనా మా నాయన కుర్చీ చూసి కోపం పొంగితే, ఆ సందులోంచే కాస్త గాలి ఆడేది.

ఫ్లెక్సీ చూసిన రోజు బడికి పోలేదు. ఇంటికి తిరిగి వచ్చాను. మా అమ్మకు అప్పటికే తెలుసు. నిన్న నేను బడికి పోయాక తెలిసిందట, నేను వచ్చేలోగా ఎత్తేశారట, నాకు చెప్పాలా వద్దా అని ఆగిందట.

"పోయి పలకరించి రా," అంది.

"నేను పోను."

"ఆయనకేం, పోయినాడు. ఆమె నాకేం చేసింది? పో."

పోయాను. అత్త, అంటే ఆయన భార్య, గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చున్నాను. ఎట్లా జరిగిందని అడిగాను. గుండె ఆపరేషను కోసం గుంటూరు పోయాడట. ఏదో చిన్న పరీక్ష, రెండు రోజుల్లో వస్తానని ఆమెకు చెప్పాడట. తోడు తమ్ముడి కొడుకు పోయాడట.

"నీకెవరు చెప్పినారత్తా?" అని అడిగాను. అడిగాక భయమేసింది.

"చెప్పేదెవరు నాయనా. ఫోను టింగు టింగుమని మోగతానే ఉండె. ఏందో గ్రూపులో పెండ్లి ఫొటోలేమో అనుకున్నా. తీసి చూస్తే అన్నీ దండాలు. నాకు దండాలు పెడతన్నారేంది అనుకున్నా," అంది. ఆ మాట చెప్పి చాపలో పుల్ల ఒకటి పీకుతూ కూర్చుంది.

కాసేపటికి ఆమె లేచి లోపలి నుంచి ఆయన ఫోను తెచ్చింది. "నీకు ఎన్నెన్నో పంపేవాడు. ఒక్కదానికీ నువ్వు జవాబియ్యలేదే? నేను అడిగితే, బడిపని ఎక్కువుంటది వాడికి అనేవాడు," అంటూ నా చేతికి ఇచ్చింది. నేను బ్లాక్ చేసిన సంగతి ఆమెకు తెలియదు.

తెరిచాను. నా పేరు కింద రెండేళ్ళ మెసేజిలు. అన్నిటికీ ఒక్కటే టిక్కు, ఒక్కటీ నాకు చేరలేదు. ఉగాదికి శుభాకాంక్షలు. మా నాయన సంవత్సరీకానికి పలక మీద ఒక నమస్కారం. గ్రూపులోకి మళ్ళీ రమ్మని. ట్యాంకరు రేపు రాదని. నేను గబగబా పైకీ కిందికీ జరుపుతూ ఒక్క మాట కోసం వెతికాను. 'తప్పయింది' అన్న మాట. పలక మీద కానీ, టైపు చేసి కానీ. ఎక్కడా లేదు.

అన్నిటికంటే కింద, ఆసుపత్రి నుంచి పంపింది ఉంది. ఆ చూపుడువేలితో ఎంతసేపు కొట్టాడో, మెసేజి పొడుగ్గా ఉంది.

"అల్లుడా, రేపు నాకు ఆపరేషన్. మీ అత్తకు చెప్పలేదు, తట్టుకోలేదు. నాకేమన్నా అయితే నువ్వే ఇంటికి పోయి ఆమె పక్కన కూర్చోని నిదానంగా చెప్పు. ఇంకొకరి నోటి నుంచి ఇననియ్యొద్దు. గ్రూపులో పెట్టనియ్యొద్దు. ఈ సంగతి మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియకూడదు."

రెండుసార్లు చదివాను. నేను వదిలిపెట్టిన సందు మూసుకుపోయింది. తెలుసు. ఆ మనిషికి అంతా తెలుసు. ఆడమనిషికి మొగుడి చావు ఎట్లా చెప్పాలో, ఎవరు చెప్పాలో, గ్రూపులో పెడితే ఏమవుతుందో, అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తన ఇంటికి వచ్చేసరికి తెలిసింది. మా అమ్మను చూసి నేర్చుకున్నాడేమో. నేర్చుకోవడానికి ఆయనకు మా అమ్మే దొరికింది.

"ఏం రాసినాడు నాయనా?" అత్త నా మొహంలోకి చూస్తూ అడిగింది.

ఏదో ఒకటి చెప్పి లేచి రావచ్చు. కానీ అది ఆమెకు చెందిన మాట. చావు కబురు అప్పటికే ఆమెకు చేరవలసిన చేతుల మీదుగా చేరలేదు, అందులో నా బ్లాకుకూ పాలుంది. మెల్లగా, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

తరువాత కళ్ళు తుడుచుకుని నా చేయి పట్టుకుంది. "చూసినావా, ఇంత మందిలో నీకే చెప్పుకున్నాడు. నువ్వంటే అంత నమ్మకం నాయనా ఆయనకు."

"నాకూ ఉండేది అత్తా," అన్నాను.